పాత సౌండ్‌వేవ్ బొమ్మను చూసి కొనడం, శుభ్రం చేసుకోవడం

రోబోగానూ వస్తువుగానూ రూపం మార్చే ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మల విలన్లలో మెగాట్రాన్‌దే పెద్ద పేరు అయినా, బొమ్మగా చూస్తే సౌండ్‌వేవ్‌లో ఉన్న పనితనం అతనిలో లేదని నా అభిప్రాయం. జపాన్‌కు చెందిన తకారా సంస్థ మైక్రోమాన్ అనే బొమ్మల వరుసలో తయారుచేసిన క్యాసెట్ రికార్డరు బొమ్మను అమెరికా సంస్థ హాస్బ్రో 1984లో తీసుకుని, తోటివారి మనసులోని గుట్టు కనిపెట్టి దానితోనే వారిని బెదిరించే డిసెప్టికాన్ (విలన్ల జట్టువాడు) సౌండ్‌వేవ్‌గా మలిచింది. ఆ తొలినాటి బొమ్మను వాడిన స్థితిలో కొనాలనుకునేవారు మొదట చూడవలసింది రంగునూ మెరుపునూ కాదు, ఛాతీ మూతను.

క్యాసెట్ (క్యాసెట్ రూపంలోకి మడిచే చిన్న బొమ్మ) పెట్టే ఆ పారదర్శకమైన మూత స్ప్రింగు మీద పనిచేస్తుంది. బొత్తాం నొక్కగానే అది తనంతట తాను తెరుచుకోవాలి. మూసినప్పుడు చిన్న చప్పుడుతో బిగుసుకుని, బొమ్మను తలకిందులు చేసినా ఊడిరాకుండా ఉండాలి. అమ్మేవారు ఫొటోలు మాత్రమే పంపితే, మూత తెరిచి మూసే చిన్న వీడియో అడగండి. నేను ఆ మాట అడగకుండా కొన్న మొదటి బొమ్మకు, మూత ఇరుసు దగ్గర వెంట్రుకవాసి పగులు ఉన్న సంగతి ఇంటికి వచ్చాక, రెండోసారి నొక్కినప్పుడు గానీ బయటపడలేదు.

మూత తెరిచినప్పుడే లోపలి అర లోతు కూడా గమనించాలి. తొలి సౌండ్‌వేవ్ ఛాతీలో ఒక్క క్యాసెట్టే పడుతుంది. 1987లో జపాన్‌లో నలుపు రంగుతో వచ్చిన సౌండ్‌బ్లాస్టర్ అనే సౌండ్‌వేవ్ మార్పు రూపం కోసం రెండు క్యాసెట్లు పట్టేలా ఆ భాగాన్ని మార్చారు; తరువాత మళ్ళీ విడుదల చేసిన సౌండ్‌వేవ్‌లలో చాలావాటికి ఈ లోతైన అరే ఉంటుంది. కాబట్టి 1984 నాటిదని చెప్పిన బొమ్మలో రెండు క్యాసెట్లు హాయిగా ఇమిడితే అనుమానించవలసిందే. వేలితో రుద్దితే వేడికి గుర్తు కనిపించే చిన్న స్టిక్కరు నకిలీలను అరికట్టడానికి 1985లో వచ్చింది గనుక, అది లేనంత మాత్రాన బొమ్మ అసలుది కాదనుకోకూడదు.

ఇక విడిభాగాలు. సౌండ్‌వేవ్ చేతి తుపాకి, భుజం మీది ఫిరంగి రెండూ బ్యాటరీల ఆకారంలోకి మారి వీపు వెనుక బ్యాటరీ అరలో దాక్కుంటాయి. పోయేవి ఎక్కువగా ఇవే కనుక ఆ అర మూత తెరిపించి చూడండి. అప్పట్లో పెట్టెలో అతనితోపాటు వచ్చిన క్యాసెట్టు, పక్షిగా మారే బజ్‌సా. మిగతా క్యాసెట్లలో రంబుల్, రావేజ్ ఒక జతగా, ఫ్రెంజీ, లేజర్‌బీక్ మరో జతగా విడిగా అమ్మారు. బొమ్మల పెట్టె ప్రకారం ఎర్రనివాడు రంబుల్, నీలివాడు ఫ్రెంజీ. టీవీ కార్టూన్‌లో ఇది తారుమారైంది. అభిమానుల మధ్య ఈ వాదం ఇప్పటికీ తెగలేదు. అందువల్ల కొనేటప్పుడు పేరుతో కాక రంగుతో అడిగితే పొరపాటు జరగదు.

బొమ్మ చేతికి వచ్చాక వెంటనే రూపం మార్చకండి. చల్లటి గదిలో ఉన్న పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది గనుక కాసేపు గది వేడికి అలవాటు పడనిచ్చి, ప్రతి కీలునూ దాని మొదలు దగ్గర పట్టుకుని నెమ్మదిగా కదపాలి. ఎక్కడైనా అడ్డుపడితే బలం పెట్టకుండా వెనక్కి తెచ్చి, ముందు కదపవలసిన భాగం ఏదైనా మిగిలిందేమో చూడాలి.

శుభ్రం చేయడానికి బొమ్మను నీళ్ళలో ముంచవద్దు. లోపలి స్క్రూలు, స్ప్రింగులు తుప్పు పడతాయి, స్టిక్కర్ల అంచులు లేస్తాయి. గోరువెచ్చని నీటిలో ఒకటి రెండు చుక్కల సబ్బు కలిపి, దూది పుల్లను తడిపి పిండి, సందుల్లోని మట్టిని తీయాలి. మెరుపు పూత ఉన్న భాగాలను పొడి మెత్తని గుడ్డతో అద్దడమే మేలు. స్పిరిటుతో రుద్దితే పూత పోవచ్చు, పోయిన పూత తిరిగి రాదు. కీలు బిగుసుకుని ఉంటే మామూలు నూనెకు బదులు ప్లాస్టిక్‌కు హాని చేయని సిలికాన్ కందెనను సూది మొనతో ఒక్క చుక్క వేయండి. చివరగా నీడలో పూర్తిగా ఆరనిచ్చి, బజ్‌సాను లోపల పెట్టి, ఛాతీ మూతను వేలితో మెల్లగా మూయండి.