మార్మన్ తొలితరం వడ్రంగి జీవితకథ రాయాలంటే

మార్మన్లంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవాళ్లు. వాళ్లలో తొలితరం వడ్రంగి గురించి రాసేటప్పుడు పుట్టిన తేదీ, బాప్తిస్మం, భార్యాపిల్లల పేర్లు వరసగా పేర్చేస్తే అది జీవితకథ అవదు, జాబితా అవుతుంది. ఆయన ఏ ఏడాది ఏ కట్టడం మీద పనిచేశాడో ముందు తేల్చుకోండి.

ట్రూమన్ ఏంజెల్‌నే తీసుకోండి. 1810లో రోడ్ ఐలండ్‌లో పుట్టాడు, కుర్రతనంలోనే వడ్రంగం నేర్చాడు, ఒహాయోలో కర్ట్‌లాండ్ దేవాలయం, ఆ తర్వాత ఇల్లినాయ్‌లో నావూ దేవాలయం పనుల్లో ఉన్నాడు, 1847లో మార్మన్ల నాయకుడు బ్రిగమ్ యంగ్ నడిపిన మొదటి వలస దళంతో యూటాలోని సాల్ట్ లేక్ లోయ చేరాడు. మీరు రాసే మనిషి ఈ దారిలో ఎక్కడ కలిశాడో చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఏ దళంతో వచ్చాడన్నది మార్మన్ చర్చి ఆన్‌లైన్ డేటాబేస్‌లో వెతకండి, ఉచితమే. 1869లో అమెరికా తూర్పు, పడమరలను కలిపే రైలు మార్గం పూర్తయ్యేలోపు వచ్చినవాళ్లనే పయనీర్లంటారు. వృత్తి కోసం 1850 జనాభా లెక్కలు చూడాలి, ఎందుకంటే అంతకుముందు లెక్కల్లో ఇంటి పెద్ద పేరొక్కటే రాసేవారు. యూటాలో ఆ లెక్కలు తీసింది నిజానికి 1851లో, కాబట్టి వయసు ఒక ఏడాది తేడా వస్తే టెన్షన్ పడకండి. దశమభాగం (చర్చికి ఇవ్వాల్సిన పదోవంతు) ఖాతాలు మాత్రం వదలొద్దు: డబ్బు లేనివాళ్లు పదిరోజులకొక రోజు దేవాలయం పని చేసి ఆ బాకీ తీర్చేవారు.

ఇక అసలు రుచి చెక్కలో ఉంది. 1856లో తోపుడు బళ్లతో యూటాకు నడిచినవాళ్ల కథైతే బళ్ల గురించి తప్పక రాయండి. ఆలస్యంగా బయల్దేరిన దళాలకు హడావుడిగా పచ్చి కర్రతో బళ్లు చేశారు, మైదానాల పొడిగాలికి కర్ర కుంచించుకుపోయి చక్రాలు వదులై, ఇరుసులు అరిగి దారిలోనే విరిగాయి. యూటా చేరాక ఇంకో తంటా, గట్టి కలప దొరకదు. దొరికిన పైన్ చెక్కకే రంగువేసి, దువ్వెనలాంటి పరికరంతో గీతలు లాగి ఓక్‌లా కనిపించేట్టు చేసేవారు. సాల్ట్ లేక్ సిటీలోని టాబర్నకిల్ (పెద్ద సభా మందిరం) పైకప్పు చట్రాన్ని చెక్క మేకులతో బిగించారు, పగిలిన దూలాలకు తడి పచ్చితోలు చుట్టారు, అది ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. మీ వడ్రంగి 1863–67 మధ్య ఆ ఊళ్లో ఉంటే ఈ పనిలో చెయ్యి వేశాడేమో కచ్చితంగా వెతకాలి.

1858లో రికార్డులు ఖాళీగా కనిపిస్తే చనిపోయాడనుకోకండి. ఫెడరల్ సైన్యం వస్తోందని సాల్ట్ లేక్ దేవాలయం పునాదిని మట్టితో కప్పేసి జనం దక్షిణానికి వెళ్లిపోయారు. అలాగే "మా తాత సాల్ట్ లేక్ దేవాలయం కట్టాడు" అని ఎవరైనా అంటే ఏ ఏళ్లలో అని అడగండి. ఆ పని 1853 నుంచి 1893 దాకా సాగింది, దాని ఆర్కిటెక్ట్ ఏంజెల్ 1887లోనే పోయాడు.