చేతి గ్రీటింగ్ కార్డుల్లో లోపాలు: ఇంకు మార్చే ముందు కాగితాన్ని వంచి చూడండి

స్టాంపు ముద్రలతో, రంగు కాగితాల పొరలతో ఇంట్లో గ్రీటింగ్ కార్డులు చేసేవారు సంక్రాంతి, ఉగాది దగ్గరపడే కొద్దీ నా దగ్గరకు తెచ్చే ఫిర్యాదులు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ముద్ర మచ్చలు మచ్చలుగా పడుతోందని ఒకరు, మడత దగ్గర కార్డు పగులుతోందని మరొకరు, అతికించిన మర్నాటికి కార్డు విల్లులా వంగిపోయిందని ఇంకొకరు అంటారు. నా దగ్గరకు వచ్చేసరికే వారు ఇంకు ప్యాడు మార్చి ఉంటారు, జిగురు మార్చి ఉంటారు, కొందరు స్టాంపు కూడా కొత్తది కొని ఉంటారు. కాగితాన్ని చేతుల్లోకి తీసుకుని ఒక్కసారి అటూ ఇటూ వంచి చూశారా అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. స్టాంపును బ్లాకుకు అంటించడం, ఇంకు అద్దడం, కట్టరుతో తిన్నగా కోయడం మీకు వచ్చునని భావించి ఈ వివరాలు రాస్తున్నాను.

లక్షణం: ముద్ర సమంగా పడకపోవడం

మొదట లోపం స్టాంపుదో కార్డుదో తేల్చుకోవాలి. స్టాంపును మీ చేతిలో ఎప్పటిలాగే పట్టుకుని, కింద ఉన్న కార్డు ముక్కను మాత్రం తలకిందులుగా తిప్పి, రెండోసారి ముద్ర వేయండి. వెలిసిన చోటు బొమ్మలో అదే భాగాన కనిపిస్తే లోపం స్టాంపుది. బొమ్మలో వేరే భాగానికి మారి, కార్డు మీద మాత్రం అదే స్థలంలో ఉండిపోతే లోపం కార్డుది. అర నిమిషం పట్టే ఈ పరీక్షను చిత్తు ముక్క మీద కాకుండా నేరుగా అసలు కార్డు మీద చేసి, తర్వాత బాధపడేవారిని చాలామందిని చూశాను.

లోపం స్టాంపుదైతే, అది కొత్త పారదర్శక స్టాంపు అయ్యే అవకాశం ఎక్కువ. తయారీలో మిగిలిన జారుడు పొర దాని మీద ఉండటం వల్ల ఇంకు పరుచుకోక, తామరాకు మీద నీటిలా చిన్న చిన్న బొట్లుగా విడిపోతుంది. పెన్సిల్ రబ్బరుతో స్టాంపు ముఖాన్ని మెల్లగా రుద్ది, ఒకటి రెండు సార్లు చిత్తు కాగితం మీద ముద్ర వేస్తే సర్దుకుంటుంది. గరుకు కాగితంతో రుద్దవలసిన అవసరం లేదు, సన్నని గీతలు అరిగిపోతాయి. గీతల అంచులు ఉబ్బి, సందులు పూడిపోతుంటే ఇంకు ఎక్కువైందని అర్థం. స్టాంపును ప్యాడు మీద అదిమి తిప్పకుండా, మెల్లగా తట్టినట్లు అద్దాలి. కార్డు కింద పలుచని ఫోమ్ షీటో పాత మౌస్ ప్యాడో వేసుకుంటే బల్ల ఎగుడుదిగుళ్ల బెడద కూడా తీరుతుంది.

లోపం కార్డుదని తేలితే, ముఖ్యంగా ప్రతిసారీ కార్డు నడుమ భాగమే వెలిసిపోతుంటే, ఆ కార్డు బల్ల మీద చదునుగా కూర్చోవడం లేదన్నమాట. అలా ఎందుకు అవుతుందో తర్వాతి లక్షణం కింద చెబుతాను.

లక్షణం: మడత పగలడం, కార్డు వంగిపోవడం, మూసినా నోరు తెరవడం

ఈ మూడూ వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి కాబట్టి మడతకు ఒక మందు, వంపుకు ఒక మందు వెతుకుతారు. చాలాసార్లు మూడింటికీ కారణం ఒక్కటే: కాగితంలోని నారలు ఏ దిశలో ఉన్నాయో చూడకుండా కోయడం. అచ్చు పనివారు దీన్ని గ్రెయిన్ అంటారు.

యంత్రం మీద కాగితం తయారయ్యేటప్పుడు నీటిలో కలిసిన గుజ్జు కదులుతున్న జల్లెడ మీద పరుచుకుంటుంది. ఆ కదలిక వల్ల నారల్లో ఎక్కువ భాగం యంత్రం సాగే దిశకే తలలు పెట్టుకుని పడుకుంటాయి. నారల వెంట మడిస్తే వాటి మధ్య సందులోనే మడత పడి నునుపుగా వస్తుంది. నారలకు అడ్డంగా మడిస్తే ఒక్కొక్క నారనూ విరచవలసి వస్తుంది కాబట్టి పైపొర చిట్లుతుంది. లోపల తెల్లగా, పైన ముదురు రంగుగా ఉండే కార్డుషీట్లలో ఆ చిట్లు తెల్లటి రంపపు గీతలా బయటపడుతుంది. నార తడి తగిలితే పొడవున పెద్దగా పెరగదు గానీ లావున బాగా ఉబ్బుతుంది. అందువల్ల అడుగు కార్డు నారలు నిలువుగా, పైన అతికించిన పొర నారలు అడ్డంగా ఉంటే, నీటి జిగురు తడికి రెండూ చెరో వైపు లాగి, ఆరేసరికి కార్డు వంగి కూర్చుంటుంది. ముసురు రోజుల్లో జిగురు కూడా అక్కరలేదు, గాలిలోని తేమే ఆ పని చేసిపెడుతుంది.

నాకు ఇది తెలిసి వచ్చిన తీరు చెప్పుకోదగ్గది. ఒక సంక్రాంతికి 40 కార్డులు ఒప్పుకున్నాను. ముదురు మెరూన్ రంగులో 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కార్డుషీట్లు 4 కొని, దుకాణంలోనే ఏ4 సైజుకు కోయించాను. ఇరవై ముక్కలు వచ్చాయి. ప్రతి ముక్కనూ అడ్డంగా రెండు చేసి, ఒకే స్కేలుతో, ఒకే పనిముట్టుతో గీత వేసి మడిచాను. 24 కార్డులు నిక్షేపంగా ఉన్నాయి, 16 కార్డులు మడత పొడవునా చిట్లాయి. ఒకే దుకాణం, ఒకే రంగు, ఒకే కట్ట కావడంతో నా అనుమానం ముందు చేతి మీదకు, తర్వాత గీత వేసిన పనిముట్టు మీదకు, చివరకు ఆ రోజు చలి మీదకు కూడా పోయింది. నారల సంగతి అప్పటికే విని ఉన్నాను గానీ, అదే అయితే అన్నీ పగలాలి, లేదంటే ఏదీ పగలకూడదు కదా అని పక్కన పెట్టాను.

పొరపాటు సరిగ్గా అక్కడే ఉంది. 22×28 అంగుళాల షీటు నుంచి ఏ4 ముక్కలన్నీ ఒకే దిశలో కోస్తే 4 మాత్రమే వస్తాయి. రెండు ముక్కలను ఒక దిశలో, మూడింటిని దానికి అడ్డంగా పెట్టి కోస్తే 5 వస్తాయి. కోసినాయన కాగితం వృథా కాకూడదని మంచి మనసుతోనే అలా కోశాడు. నాలుగు షీట్లలో 8 ముక్కల నారలు ఒక దిశలో, 12 ముక్కల నారలు మరో దిశలో వచ్చాయి. ఆ 8 ముక్కలే నా 16 పగిలిన కార్డులు. అందుకే కట్టలో పై ముక్కను ఒక్కదాన్ని పరీక్షించి ఊరుకుంటే చాలదని ఇంతగా చెబుతున్నాను. దుకాణంలో కోయించినదైతే ప్రతి ముక్కనూ చూడాలి.

పరీక్షకు పనిముట్లేవీ అక్కరలేదు. ముక్కను బల్ల మీద పెట్టి, ఎదురెదురు అంచులను దగ్గరకు తెస్తూ మడత పడకుండా మెల్లగా వంచండి. తర్వాత ముక్కను పావు వంతు తిప్పి, మిగిలిన రెండు అంచులతోనూ అలాగే చేయండి. ఏ4 ముక్క చతురస్రం కాదు కాబట్టి పొడవు వైపు ఎలాగూ కొంత సులువుగా అనిపిస్తుంది. సందేహంగా ఉంటే చతురస్రంగా ఒక చిత్తు ముక్క కోసి చూడండి. ఏ వైపు అరచేతికి తక్కువ ఎదురు తగిలిందో, ఆ వంపు గీతకు సమాంతరంగా నారలు ఉన్నట్లు. పలుచని పొర కాగితాల్లో తేడా చేతికి అందకపోతే, చిన్న చదరపు ముక్కకు ఒక వైపు మాత్రమే తడి చేయండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం పొడవే నారల దిశ.

ఇక పరిష్కారం. నారలు పొడవు వెంట ఉన్న ఏ4 ముక్కను అడ్డంగా కోసి, 210×148 మిల్లీమీటర్ల భాగాన్ని నడిమికి మడవండి. నారలు వెడల్పు వెంట ఉన్న ముక్కను పారేయకండి. దాన్ని నిలువుగా 105×297 పట్టీలుగా కోసి సగానికి మడిస్తే అదే సైజు కార్డు వస్తుంది, మడత కూడా నారల వెంటే పడుతుంది. కాకపోతే ఈ రెండో రకంలో మడత పొట్టి అంచున ఉంటుంది కాబట్టి, కార్డు క్యాలెండరులా పైకి తెరుచుకోవాలి, లేదా బొమ్మను అడ్డంగా వేసుకోవాలి. ముగ్గు, గుమ్మడి పువ్వు వంటి గుండ్రని బొమ్మలకు దీనివల్ల ఇబ్బందేమీ ఉండదు. గాలిపటం తోకకు మాత్రం నిలువు కావాలి, దానికి మొదటి రకం ముక్కలు దాచుకోండి.

అతికించే పొరల నారలు అడుగు కార్డు నారలతో కలిసేలా పెట్టండి. కలపడం కుదరని చోట నీటి జిగురు మానేసి రెండు వైపులా అంటే టేపు వాడండి. ఇప్పటికే పగిలిన కార్డును పూర్తిగా బాగుచేయలేము. మడత మీద సన్నని రిబ్బను కట్టడమో, మెరూన్ పెన్సిల్ పొడిని వేలితో అద్ది తెల్లదనాన్ని మరుగుపరచడమో చేయవచ్చు, నేను రెండూ చేశాను. నారలకు అడ్డంగానే మడవక తప్పకపోతే, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ఒకే చోట రెండు మూడు సార్లు, కాగితం తెగకుండా గాడి తీసి, గాడి వల్ల ఉబ్బిన వైపు లోపలికి వచ్చేలా మడవండి.

చేతి తయారీ కాగితంలో, ఉదాహరణకు రాజస్థాన్‌లోని సాంగానేర్‌లో చేసే రకాల్లో, నారలు అన్ని వైపులకూ పడతాయి కాబట్టి ఈ బాధ అంతగా ఉండదు. అయితే దాని ముఖం గరుకు, సన్నగీతల స్టాంపులు అక్కడ పనికిరావు.

లక్షణం: ఎంబాసింగ్ పౌడరు అక్కరలేని చోట అంటుకోవడం

తడి ముద్ర మీద చల్లి వేడి చేస్తే కరిగి ఉబ్బెత్తుగా నిలిచే పొడి ఇది. అక్కరలేని చోట అంటుకోవడానికి వేలి జిడ్డు, తేమ, ఘర్షణ విద్యుత్తు కారణాలు. ముద్ర వేయడానికి ముందే టాల్కం పౌడరును పలుచని గుడ్డ మూటలో కట్టి కార్డు మీద ఒకసారి తేలికగా అద్దితే సరిపోతుంది. ఎంబాసింగ్ పౌడరు కరగడం లేదని అడిగేవారిలో సగంమంది జుట్టు ఆరబెట్టే యంత్రం వాడుతుంటారు. దాని వేడి చాలదు, పైగా గాలికి పౌడరు ఎగిరిపోతుంది. హీట్ గన్ కావలసిందే. వేడికి కార్డు వంగితే చల్లారాక ఒక రాత్రి లావుపాటి పుస్తకాల కింద ఉంచండి.

అరుదైనవి

నున్నని మెరుపు కార్డు మీద పిగ్మెంట్ ఇంకు (కాగితంలోకి పెద్దగా పీల్చుకోక పైనే నిలిచే చిక్కటి రకం) రోజులు గడిచినా ఆరకపోతే హీట్ గన్ పట్టండి, లేదా ఆ కార్డు వాడకండి. పారదర్శక స్టాంపుకు రంగు మరకలు మిగిలినా ముద్రకు నష్టం లేదు.

కట్ట పరీక్షించడం పూర్తయ్యాక ప్రతి ముక్క వెనుక మూలన పెన్సిల్‌తో నారల దిశగా చిన్న బాణం గుర్తు వేసి, రెండు దిశలవాటినీ వేర్వేరు కవర్లలో పెట్టుకోండి. నా దగ్గర ఆ మెరూన్ షీట్ల తర్వాత కొన్న కాగితం ఏదీ బాణం లేకుండా అలమారలోకి వెళ్లలేదు.