కంప్యూటర్‌తో ఇంగ్లీష్ నేర్పడం, నాలుగో పాఠం: గంట క్లాసుకి 30 సెకన్ల ఆడియో

పోయిన పాఠంలో మన సెంటర్లో ఏ మెషీన్లు ఉన్నాయి, నెట్ ఎలా వస్తోంది, స్టూడెంట్ల ఫోన్లలో ఏమేం పనిచేస్తాయి అని ఒక కాగితం మీద రాసుకున్నాం. అది దగ్గర పెట్టుకోండి. ఈసారి వినడం నేర్పిద్దాం. ఒక ల్యాప్‌టాప్, కాస్త గట్టిగా వినిపించే స్పీకర్లు, తెల్ల కాగితాలు ఉంటే చాలు. ప్రొజెక్టర్ ఉంటే చివర్లో పనికొస్తుంది, లేకపోయినా క్లాసు ఆగదు.

అమీర్‌పేటలోనైనా దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసంటే మాట్లాడించడమే. సెల్ఫ్ ఇంట్రడక్షన్, గ్రూప్ డిస్కషన్, మాక్ ఇంటర్వ్యూ, అంతే. వినడానికి టైమ్ ఇచ్చేవాళ్లు తక్కువ, ఇచ్చినా ఓ పావుగంట వీడియో పెట్టి కింద సబ్‌టైటిల్స్ ఆన్ చేస్తారు, ఇక ఆ పావుగంటా పిల్లలు చదువుతారు తప్ప వినరు. దాని దెబ్బ ఇంటర్వ్యూ రూములో తెలుస్తుంది: జవాబు కంఠతా వచ్చు, ప్రశ్నే చెవికి అందదు. రెండుసార్లు ‘పార్డన్ సర్’ అన్నాక మూడోసారి అడగడానికి మొహమాటం, ఇక తోచిన జవాబేదో చెప్పేస్తారు.

అందుకని వీడియో పొడవు తగ్గించండి. 30 సెకన్లు, మహా అయితే 40. మిగతా గంటంతా ఆ ముక్క మీదే. 1958లో మన హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్, అంటే ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ), మొదలైన రోజుల్లో ఒక వాక్యాన్ని మళ్లీ వినిపించాలంటే టేపు చక్రాలు వెనక్కి తిప్పాలి. ఇప్పుడు యూట్యూబ్‌లో ఎడమ బాణం కీ నొక్కితే 5 సెకన్లు, జె నొక్కితే 10 సెకన్లు వెనక్కి వెళ్తుంది, కె నొక్కితే ఆగుతుంది. ఇంత సులువైన పనిని వాడుకోకుండా వీడియోని సినిమాలా వేసి కూర్చోవడం నాకు అస్సలు నచ్చదు.

ముక్క ఎక్కడ దొరుకుతుంది? మొదలుపెట్టేవాళ్లకి వీఓఏ (వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో) లెర్నింగ్ ఇంగ్లీష్ పాత ఆడియోలు బాగుంటాయి. 1959లో స్పెషల్ ఇంగ్లీష్ పేరుతో మొదలైన కార్యక్రమం అది. దాదాపు 1500 మాటల పరిధిలో, చిన్న వాక్యాలతో, కావాలనే నెమ్మదిగా చదువుతారు. కాస్త ముదిరిన బ్యాచ్‌కి బీబీసీ సిక్స్ మినిట్ ఇంగ్లీష్ పెట్టండి, దానికి మొత్తం స్క్రిప్ట్ కూడా సైట్‌లోనే ఉంటుంది కాబట్టి మీరు కూర్చుని టైప్ చేసే బాధ తప్పుతుంది. నెట్ నమ్మకం లేని చోట లిబ్రివాక్స్‌లో కాపీరైట్ తీరిన పుస్తకాల ఆడియో ఉచితంగా దించుకోవచ్చు, కాకపోతే చాలావరకు పాతకాలపు భాష, కథ చూసి ఎంచుకోవాలి. యూట్యూబ్ వాడితే మీకు కావలసిన చోట ఆపి, వీడియో మీద రైట్ క్లిక్ చేసి, ఆ క్షణం నుంచే మొదలయ్యే లింకు కాపీ చేసుకోండి. క్లాసుకి ముందే తెరిచి యాడ్స్ అయిపోయేదాకా ఆడించి పెట్టుకోవడం మర్చిపోవద్దు, లేకపోతే అందరూ పెన్నులు పట్టుకుని రెడీగా ఉన్నప్పుడు సబ్బు యాడ్ వస్తుంది.

ఇక క్లాసు. మొదటిసారి సబ్‌టైటిల్స్ ఆపి ముక్క మొత్తం వినిపించండి, పెన్నులు కింద పెట్టించి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, గొడవా సరదానా, అంతే అడగండి. రెండోసారి నుంచి రాయించండి, ఒక్కో వాక్యం దగ్గర ఆపుతూ. తెలియని చోట గీత పెట్టమనండి, ఊహించి నింపొద్దని గట్టిగా చెప్పండి, ఎందుకంటే మనకి కావలసింది ఆ గీతలే. తర్వాత పక్కవాళ్లతో కాగితాలు పోల్చుకోనివ్వండి. సగం గీతలు అక్కడే నిండిపోతాయి, మిగిలిన సగమే మీరు చెప్పాల్సిన పాఠం.

ఆ మిగిలిన సగం ఎలా ఉంటుందో ఒక వాక్యం తీసుకుని చూద్దాం: ‘ఐ షుడ్ హావ్ టోల్డ్ హిమ్’. పుస్తకంలో చూపిస్తే టెన్త్ పిల్లాడు కూడా అర్థం చెప్తాడు. మామూలు స్పీడులో అది వినిపించేది ‘ఐ షుడవ్ టోల్డిమ్’ అని. కాగితాల మీద ‘ఐ షుడ్ టోల్డ్ హిమ్’ అని కొందరు, ‘షుడ్ ఆఫ్’ అని కొందరు, ‘టోల్డ్’ తర్వాత గీత పెట్టి వదిలేసినవాళ్లు కొందరు ఉంటారు. వీళ్లకి గ్రామర్ రాక కాదు. తెలుగులో ప్రతి అక్షరాన్నీ దాదాపు సమానంగా పలుకుతాం, ఇంగ్లీష్‌లో ముఖ్యమైన మాట మీద బరువు వేసి ‘హావ్’, ‘హిమ్’, ‘టు’, ‘ఆఫ్’ లాంటివాటిని నలిపేస్తారు. మన చెవి ఆ నలిగిన మాటల కోసం వెతకదు.

దీన్ని నోటితో ఎంత చెప్పినా తలాడిస్తారు గానీ నమ్మరు. కంటికి చూపించాలి. అడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని ఆ ఆడియో ఫైలు తెరవండి, గొంతు అలల బొమ్మలా కనిపిస్తుంది. (ఫోన్‌లో రికార్డ్ చేసిన ఎం4ఏ ఫైలైతే విండోస్‌లో దానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే అదనపు లైబ్రరీ వేయాలి, ఎంపీ3కి ఆ గొడవ లేదు.) ‘షుడ్ హావ్ టోల్డ్ హిమ్’ అన్నంత మేర మౌస్‌తో ఎంచుకుని, ఇందులో ఎన్ని మాటలున్నాయో బొమ్మ చూసి చెప్పమనండి. నాలుగు ముద్దలు కనిపిస్తాయనుకుంటారు. ‘షుడ్’కీ ‘హావ్’కీ మధ్య ఖాళీయే దొరకదు. గీత సన్నబడి చదునుగా కనిపించేది ‘టోల్డ్’లో ట పలికే ముందు, నాలుక గాలిని ఆపిన ఆ చిన్న విరామంలో. మాటకీ మాటకీ మధ్య ఖాళీ కాగితం మీదే ఉంటుందని, నోట్లో ఉండదని అప్పుడు ఒప్పుకుంటారు. ప్రొజెక్టర్ ఉంటే దీనికే వాడండి.

స్పీడు తగ్గించి వినిపించమని స్టూడెంట్లు గోల చేస్తారు. యూట్యూబ్‌లో గేర్ బొమ్మ నొక్కి స్పీడు 0.75 పెట్టొచ్చు, తప్పు లేదు. కానీ నెమ్మది చేసినంత మాత్రాన ‘షుడవ్’ విడిపోయి ‘షుడ్ హావ్’ అయిపోదు, అదే ‘షుడవ్’ సాగుతూ వినిపిస్తుంది. 0.5కి దిగితే తాగి మాట్లాడినట్టుంటుంది, క్లాసంతా నవ్వులు. రెండుసార్లు 0.75లో వినిపించి, చివర్లో తప్పకుండా మామూలు స్పీడుకి తీసుకురండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లకి గేర్ బొమ్మ ఉండదు కదా.

సబ్‌టైటిల్స్ ఇప్పుడు ఆన్ చేయండి, అన్నిటికంటే చివర. ముందు సెట్టింగ్స్‌లో చూసుకోండి, ఆటో జెనరేటెడ్ అని ఉంటే అవి మెషీన్ రాసినవి, పేర్లూ ఊళ్లూ తప్పు పడుతుంటాయి. తెలివైన బ్యాచ్ అయితే ఆ తప్పులు పట్టుకోమని పందెం పెట్టండి.

మరీ కొత్త బ్యాచ్ అయితే మెట్రో అనౌన్స్‌మెంట్‌తో మొదలుపెట్టమంటాను. నాగోలు నుంచి వచ్చే అమ్మాయీ మియాపూర్ నుంచి వచ్చే అబ్బాయీ రోజూ వింటారు, తెలుగులోనూ ఇంగ్లీష్‌లోనూ. అర్థం ముందే తెలుసు కాబట్టి చెవికి శబ్దం ఒక్కటే పని. వచ్చేటప్పుడు అమీర్‌పేట స్టేషన్‌కి ముందు వచ్చే ఇంగ్లీష్ వాక్యాలు విని, దిగాక గుర్తున్నట్టు ఫోన్లో రాసుకు రమ్మనండి. అది స్పష్టంగా చదివిన గొంతు, నలుగుడు తక్కువ, అందుకే అది మొదటి మెట్టు మాత్రమే.

మీ హోంవర్క్: ఒక 30 సెకన్ల ముక్క ఎంచుకుని, స్క్రిప్ట్ టైప్ చేసి, నలిగిపోయే మాటల కింద గీతలు పెట్టండి. క్లాసులో చేయించకముందు ఇంట్లో ఒకరి మీద ప్రయత్నించండి, తమ్ముడో మరదలో ఎవరైనా సరే. వాళ్లు తప్పు రాసిన కాగితం పారేయకుండా దాచండి, వచ్చే పాఠంలో గూగుల్ డాక్స్ వాయిస్ టైపింగ్‌తో ఆ వాక్యాలే వాళ్ల చేత పలికిస్తాం. మైక్ ఉన్న హెడ్‌ఫోన్స్ ఒకటి సిద్ధం చేసుకోండి, క్రోమ్ బ్రౌజర్ కూడా.