స్ట్రెచింగ్, ప్రోటీన్ గురించి ఎవరి మాట నమ్మాలి? నాకు పనిచేసిన పద్ధతి

ఒకరు వ్యాయామానికి ముందు స్ట్రెచింగ్ తప్పనిసరి అంటారు, ఇంకొకరు అసలు వద్దంటారు. వింటుంటే టెన్షన్ తప్ప తేలేది ఏమీ లేదు. వీడియోలు, జిమ్‌లో సలహాలు, సప్లిమెంట్ డబ్బాల మీది రాతలు, అన్నీ చూశాను, ఏదీ తేల్చలేదు.

చివరికి పనిచేసింది ఇది. ముందు ప్రశ్నను ఒక్క వాక్యానికి కుదించాను: స్ట్రెచింగ్ చేస్తే మర్నాడు ఒళ్లు నొప్పులు తగ్గుతాయా? దాన్ని ఇంగ్లీషులో పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధన వ్యాసాలను వెతికే ఉచిత వెబ్‌సైట్) వెతికి, ఎడమవైపు ఫిల్టర్లలో 'సిస్టమాటిక్ రివ్యూ' టిక్ పెట్టాను. విడివిడి అధ్యయనాలన్నిటినీ ఒకచోట జల్లెడ పట్టిన వ్యాసాలే మిగులుతాయి. అలా దొరికిందే కాక్రేన్ అనే, వైద్య పరిశోధనలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ 2011లో వేసిన సమీక్ష. అందులో 12 అధ్యయనాలు చూశారు. వ్యాయామానికి ముందు స్ట్రెచింగ్ చేసినవాళ్లకు మర్నాటి నొప్పి 100 పాయింట్ల కొలతలో సగటున అర పాయింట్ తగ్గింది, అంతే! అంకె చూశాక ఇక వాదనే అక్కర్లేదు. తర్వాత ఎవరి మీద పరీక్షించారు, డబ్బు ఎవరిచ్చారు అన్నవి చదివాను. ప్రోటీన్ విషయంలో ఈ రెండోది మరీ ముఖ్యం, పౌడర్ అమ్మేవాళ్లే ఖర్చు పెట్టిన పరిశోధనలూ ఉంటాయి కాబట్టి.

ఎంత వ్యాయామం చాలు అన్నదానికి మాత్రం ఇంత వెతుకులాట అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లోనే ఉంది: పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం.

ఇది అందరికీ, అన్ని ప్రశ్నలకీ పనిచేస్తుందని చెప్పలేను. సమీక్షలు సగటు మనిషి గురించి చెబుతాయి. కిడ్నీ సమస్యో, పాత గాయమో ఉంటే డాక్టర్‌నో ఫిజియోథెరపిస్టునో అడగండి.