ఐసీయూలో స్ట్రెస్ అల్సర్ నివారణ: ఎవరికి, ఎంత, ఎప్పటిదాకా

స్ట్రెస్ అల్సర్ (తీవ్ర జబ్బులో జీర్ణాశయం లోపొర మీద పడే పుండు) రాకుండా ఐసీయూలో చేరిన ప్రతి రోగికీ అలవాటుగా పాంటాప్రజోల్ (ఆమ్లాన్ని తగ్గించే మందు) రాసేయడం సరికాదు. షాక్‌లో, అంటే అవయవాలకు రక్తం చాలనంతగా ప్రసరణ పడిపోయినప్పుడు, శరీరం రక్తాన్ని గుండెకూ మెదడుకూ మళ్లిస్తుంది, జీర్ణాశయానికి అందేది తగ్గుతుంది. లోపొరను కాపాడే జిగురు, బైకార్బనేట్ పలచబడి, మామూలు ఆమ్లమే పొరను తినేస్తుంది.

అందుకే ముందు ముప్పు చూడండి: వెంటిలేటర్ మీద 48 గంటలు దాటడం, ప్లేట్‌లెట్లు 50,000 లోపు లేదా ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చెప్పే పరీక్ష) 1.5 పైన ఉండటం, షాక్, దీర్ఘకాలిక కాలేయ జబ్బు, ఏడాదిలోపు అల్సర్ లేదా జీర్ణకోశ రక్తస్రావం, తీవ్రమైన తల గాయం, ఒంట్లో మూడో వంతుకు మించి కాలిన గాయాలు. 1994లో 2,252 మందిని పరిశీలిస్తే, వెంటిలేటర్ గానీ రక్తం గడ్డకట్టే లోపం గానీ ఉన్నవారిలో 3.7 శాతానికి తీవ్ర రక్తస్రావం అయింది. రెండూ లేనివారిలో అది 0.1 శాతమే.

పెద్దవాళ్లకు పాంటాప్రజోల్ 40 మి.గ్రా. రోజుకొకసారి సిరలోకి చాలు. వయల్‌లో 10 మి.లీ. నార్మల్ సెలైన్ కలిపి, కనీసం 2 నిమిషాలు తీసుకుని నెమ్మదిగా ఎక్కించాలి. రోజుకు రెండుసార్లు ఇస్తే నివారణలో అదనపు లాభమేమీ లేదు. ఆమ్లాన్ని తగ్గించే మరో మందు ఫామోటిడిన్ అయితే 20 మి.గ్రా. 12 గంటలకొకసారి; కిడ్నీ పనితీరు తగ్గితే మోతాదూ తగ్గించాలి, లేకపోతే వృద్ధుల్లో మతిభ్రమ రావచ్చు.

పొరపాట్లు ఎక్కువగా రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి జీర్ణాశయంలోకి వేసే గొట్టం) దగ్గరే. పాంటాప్రజోల్ మాత్రను నూరి వేయకూడదు. పైపూత పోతే మందు ఆమ్లంలోనే పాడైపోతుంది. పుండు మీద పూతలా పరుచుకునే మందు సుక్రాల్ఫేట్ ట్యూబును పూడ్చేస్తుంది, ఫెనిటాయిన్ (మూర్ఛ మందు), థైరాక్సిన్ లాంటి వాటిని ఒంటపట్టనివ్వదు. రోగి క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) మీదుంటే పాంటాప్రజోల్ కోవకే చెందిన ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ వద్దు.

రక్తపోటు నిలకడగా ఉంటే ట్యూబు ద్వారా ఆహారం త్వరగా మొదలుపెట్టండి. పొరకు అదే మంచి రక్షణ.

ట్యూబులో కాఫీపొడి రంగు ద్రవం, నల్లటి విరేచనం, హిమోగ్లోబిన్ 2 గ్రాములు పడిపోవడం కనిపిస్తే నివారణ మోతాదు మీద ఆధారపడకండి. వెంటనే ఎండోస్కోపీ బృందాన్ని పిలవాలి.

ఇక ఆపడం. ఇక్కడే అందరూ జారేది. వెంటిలేటర్ తీసి, షాక్ తగ్గి, ప్లేట్‌లెట్లు కోలుకుంటే మందు ఆ రోజే ఆగాలి. ఆపకుండా మిగిలిపోతే క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసీల్ అనే బ్యాక్టీరియా తెచ్చే విరేచనాలకు, మెగ్నీషియం లోపానికి దారి తీయవచ్చు. వార్డుకు పంపే కాగితంలో ఎందుకు మొదలైందో, ఎప్పుడు ఆపారో రాయండి. రాయకపోతే డిశ్చార్జ్ చీటీలోకి ఎక్కి, రోగి ఇంట్లో నెలల తరబడి మింగుతూనే ఉంటాడు.