పందిరి ఉంది, దీపాలు లేవు: అభ్యర్థి ఖర్చు లెక్క ఎలా చదవాలి

ముప్పై ఏళ్లు బ్యాంకులో పద్దులు సరిచూశాను. ఉద్యోగం ముగిసినా ఆ జబ్బు వదలలేదు. అసెంబ్లీ ఎన్నికలు అయ్యాక అభ్యర్థుల ఖర్చు లెక్కలు చదువుతుంటాను.

గెలిచినా ఓడినా ప్రతి అభ్యర్థీ ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా జిల్లా ఎన్నికల అధికారికి లెక్క అప్పగించాలి. ఎక్కడ, ఎప్పుడు చూడవచ్చో నోటీసు బోర్డులో పెడతారు. ఒక్క రూపాయి రుసుము కడితే ఎవరైనా చూడవచ్చు. ఒకచోట గుమస్తా రూపాయికి రసీదు ఎందుకని విసుక్కున్నాడు, రాయించుకునే వచ్చాను.

మొత్తం ఎంతో ముందే చూడకండి. తెలుగు రాష్ట్రాల్లో పరిమితి 40 లక్షలు, నేను చూసిన లెక్కలన్నీ దానికి దిగువనే ఆగాయి. ముందు లెక్క పుస్తకంలోని తెల్ల కాగితాలు తిప్పండి, అవి రోజువారీ ఖర్చు. గులాబీవి నగదు, పసుపువి బ్యాంకు. ఒక్కో వోచరు తీసుకుని, తెల్ల కాగితంలోని పద్దు గులాబీలోనో పసుపులోనో అదే తేదీన ఉందా అని చూడండి. ఎన్నిక మొత్తం మీద ఒకరికి ఒక పద్దు కింద 10,000 దాటితే నగదు ఇవ్వకూడదు. ఒకే టెంటు హౌసుకు మూడు రోజులు వరుసగా 9,800 కనిపిస్తే బిల్లును ముక్కలు చేశారన్నమాట.

లేని పద్దును పట్టుకోవడం ఇంకా సరదా. ఒక లెక్కలో రాత్రి సభకు పందిరి, కుర్చీలు, మైకు అన్నీ రాశారు; దీపాలకు, జనరేటరుకు పైసా లేదు. చీకట్లోనే ప్రసంగించారు కాబోలు! అయితే స్టార్ ప్రచారకుల హెలికాప్టరు కనబడలేదని కోప్పడకండి. పార్టీ అగ్రనేతల ప్రయాణ ఖర్చు చట్టప్రకారమే అభ్యర్థి ఖాతాలో పడదు. అధికారులు సభల వీడియోలు చూసి అభ్యర్థి ఖర్చును తమవంతుగా రాసుకునే షాడో రిజిస్టరుతో తేడా వచ్చిందా అన్నది జిల్లా అధికారి పరిశీలన నివేదికలో దొరుకుతుంది.

వచ్చిన డబ్బు మూడు పట్టీల్లో ఉంటుంది: సొంతం, పార్టీ ఇచ్చింది, ఇతరుల అప్పులూ విరాళాలూ. నాకు రెండోదే ముఖ్యం. అసెంబ్లీ ఎన్నికలు ముగిసిన 75 రోజుల్లోగా పార్టీ కూడా తన ఖర్చు ఎన్నికల సంఘానికి చెప్పాలి, ఏ అభ్యర్థికి ఎంత ఇచ్చిందో అందులో ఉంటుంది. ఇచ్చామన్నదీ అందిందన్నదీ ఒకటేనా అన్నది అప్పుడే తేలుతుంది. అందుకే నా నోటు పుస్తకంలో ప్రతి అభ్యర్థి పేరు కింద ఒక పుట ఖాళీగా వదిలిపెడతాను.