హెచ్ఎం (హెడ్మాస్టర్) ప్రమోషన్ సీనియారిటీ లిస్టులో "నాట్ ఎలిజిబుల్" అని వస్తే అభ్యంతరం ఎట్ల పెట్టాలి

మొన్న చిత్తూరులో టీ బంకు దగ్గర ఒక సార్ కలిసినాడు. స్కూల్ అసిస్టెంట్, ఇరవై రెండేళ్ల సర్వీసు, ప్రమోషన్‌కి రాయాల్సిన శాఖా పరీక్షల్లో గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు రెండు పేపర్లూ అయిపోయినాయి, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టు కూడా పాస్, అయినా ప్రొవిజనల్ లిస్టులో ఆయన పేరు ఎదురుగా "నాట్ ఎలిజిబుల్" అని ఉండాది. ఎందుకో ఆయనకే తెలీదు. ఎవరో ఒకాయన "ముప్పై వేలు అవుద్ది సార్, హైకోర్టులో స్టే తెప్పిస్తా" అంటే పది వేలు అడ్వాన్సు చేతిలో పెట్టేసి వచ్చినాడు. పిల్లోళ్లకి లెక్కలు చెప్పే అయ్యోరు సామీ ఆయన. అందుకే రాస్తా ఉండా.

ముందు తెలిసిందే గబగబా చెప్పేస్తా. స్కూల్ అసిస్టెంట్ది జిల్లా పోస్టు, గ్రేడ్-2 హెచ్ఎం జోన్ పోస్టు, కాబట్టి డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసులో తయారైన లిస్టు చివరికి కడప ఆర్జేడీ (విద్యాశాఖ రీజనల్ జాయింట్ డైరెక్టర్) దగ్గరికి పోతుంది. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న విడిపోయింది గానీ మన సీనియారిటీ లెక్క ఇంకా ఉమ్మడి చిత్తూరుదే. గవర్నమెంటు మేనేజ్‌మెంటు, జెడ్పీ మేనేజ్‌మెంటు లిస్టులు వేరువేరు, పక్కోడి లిస్టు చూసి గుండెలు బాదుకోవద్దు. ప్రొవిజనల్ లిస్టు పెడతారు, అభ్యంతరాలకి టైమిస్తారు, ఫైనల్ లిస్టు వస్తుంది, తర్వాత కౌన్సెలింగ్. ఆ టైము కొన్ని రోజులే, వాట్సాప్ గ్రూపులో ఎవడో ఫార్వర్డ్ చేసేదాకా కూర్చుంటే అయిపోయినట్టే.

ఇప్పుడు అసలు చిక్కు ఎక్కడంటే ఎస్ఆర్ అనే, మన ఉద్యోగ వివరాలన్నీ రాసే సర్వీస్ రిజిస్టర్‌లో. నేను చూసిన కేసుల్లో సగానికి పైన ఇదే. టెస్టు పాసైనాం, ఆ టెస్టు పెట్టే ఏపీపీఎస్సీ రిజల్ట్‌లో నంబరు చూసుకున్నాం, స్వీట్లు పంచినాం, అంతే, ఎస్ఆర్‌లో ఎక్కించమని అడగలేదు. లేదా అప్పటి డీడీవో (జీతాల బిల్లులు పెట్టే అధికారి, హైస్కూల్లో హెచ్ఎమ్మే) ఎంట్రీ వేసినాడు కానీ సంతకం చేసి ముద్ర కొట్టలేదు. లేదా ఎస్ఆర్‌లో ఉండాది, టీచర్ల వివరాలుండే ఆన్‌లైన్ రికార్డు టీఐఎస్‌లో మాత్రం ఆ కాలమ్ ఖాళీ. లిస్టు తయారు చేసే క్లర్కు మిమ్మల్ని చూసి రాయడు, కాగితం చూసి రాస్తాడు, కాగితంలో లేకపోతే ఆయన దృష్టిలో మీరు టెస్టు రాయనట్టే. పీజీ, బీఈడీ కూడా ఇంతే, ఏ యూనివర్సిటీ, రెగ్యులరా డిస్టెన్సా, పర్మిషన్ తీసుకున్నారా లేదా, అన్నీ ఆ పేజీల్లోనే వెతుకుతారు.

కాబట్టి ముందు మీ ఎస్ఆర్ తెరిపించి ఆ పేజీ కళ్లతో చూడండి. ఎంట్రీ లేకపోతే భయం లేదు, పాత హెచ్ఎం రిటైరైపోయినా పర్వాలేదు, ఇప్పుడున్న డీడీవో ఏపీపీఎస్సీ రిజల్ట్ కాపీ చూసి ఎంట్రీ వెయ్యొచ్చు. ఎంట్రీ ఈరోజు వేసినా మీరు పాసైన తేదీ పాతదే కదా. ఆ పేజీ జిరాక్స్, రిజల్ట్ కాపీ, లిస్టులో మీ పేరున్న పేజీ, వీటి మీద ఒక్క పేజీ అర్జీ: సీరియల్ నంబరు ఇది, తప్పు ఇది, రుజువు ఇది, సరిచేయండి. అంతే. మూడు పేజీల గోడు రాస్తే ఎవరూ చదవరు. రెండు కాపీలు తీసుకుపోయి డీఈవో ఆఫీసు తపాల్ సెక్షన్‌లో ఇచ్చి రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి, "పెట్టి పోండి సార్ చూస్తాం" అంటే మాత్రం కదలొద్దు. ముద్ర వెయ్యకపోతే రిజిస్టర్డ్ పోస్టు.

ఇంకో సంగతి, ఇది కాస్త చేదుగా ఉంటుంది. 1996 స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్ ప్రకారం ప్యానెల్ (ప్రమోషన్‌కి ఎంపికైనోళ్ల లిస్టు) ఇయర్ సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 దాకా, అర్హత చూసేది ఆ సెప్టెంబర్ 1 నాటికి. మీరు నవంబర్ సెషన్‌లో టెస్టు పాసై ఉంటే ఆ ప్యానెల్‌కి మీరు లేనట్టే, దానికి ఏ లాయరూ ఏం చెయ్యలేడు. "ఖాళీ వచ్చిన రోజు పాత రూల్ ఉండేది, నాకు పాత రూలే" అని కొందరు ఇంకా వాదిస్తారు, ఆ వాదన మన ఆంధ్ర నుంచి పోయిన రంగయ్య కేసులో 1983లో నిలబడింది నిజమే, కానీ 2022లో హిమాచల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పాత తీర్పు జిరాక్స్ చూపించి ఫీజు అడిగేవాళ్లుంటారు, జాగ్రత్త.

టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) గొడవ వేరే. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1 తీర్పులో, రిటైర్మెంటుకి ఐదేళ్ల లోపున్నోళ్లు టెట్ లేకపోయినా ఉద్యోగంలో ఉండొచ్చు, ప్రమోషన్ కావాలంటే మాత్రం టెట్ ఉండాలి అన్నారు. టెట్ అడిగే విద్యాహక్కు చట్టం 8వ తరగతి వరకే కదా, హైస్కూలు హెచ్ఎంకి ఎట్లా అని వాదించేవాళ్లు ఉండారు. ఎస్ఆర్ తప్పు సరిచేయమని పెట్టే అర్జీలో దీన్ని కలపొద్దు, రెండూ కలిపితే రెండూ ఆగిపోతాయి.

అర్జీకి జవాబు రాకపోతేనో, కారణం చెప్పకుండా తీసేస్తేనో అప్పుడు కోర్టు. ఉద్యోగుల కేసులు చూసే ట్రిబ్యునల్ ఇప్పుడు లేదు, నేరుగా అమరావతి హైకోర్టులో రిట్. అక్కడ మొదట అడిగేదే "అభ్యంతరం ఇచ్చావా" అని, ఆ ముద్ర కాపీ లేకపోతే చాలాసార్లు "ముందు అర్జీ పెట్టుకో" అని పంపేస్తారు. మీ కంటే పైన పెట్టిన వాళ్ల మీద వాదన ఉంటే వాళ్లనీ పార్టీలుగా చేర్చాలి, యూపీ టీచర్ల కేసులో 1984లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. ఆలస్యం కూడా వద్దు, సీనియారిటీ మీద మూడు నాలుగేళ్లు దాటి వస్తే వినక్కర్లేదని సుప్రీంకోర్టు 2009 తీర్పు ఉంది. ఇక స్టే అంటే కౌన్సెలింగ్ ఆగుతుంది, అంతే, మీకు పోస్టు రాదు. మీతో పాటు ఇంకో వంద మంది ప్రమోషన్ ఆగుతుంది, స్టాఫ్‌రూంలో ముఖం చూపించడం కష్టం.

మన సార్ సంగతి చెప్పలేదు కదా. ఎస్ఆర్ తెరిపించి చూస్తే ఎంట్రీ ఉండాది, కింద సంతకం లేదు, పాత మండలంలో మిస్సయింది. ఇప్పటి డీడీవో రిజల్ట్ కాపీ చూసి పది నిమిషాల్లో చేసిచ్చినాడు. సోమవారం అర్జీ ఇచ్చేసి ముద్ర వేయించుకున్నాడు, జిరాక్సులకి నలభై రూపాయలు అయిందంట. అడ్వాన్సు తీసుకున్నాయన మాత్రం ఫోన్ ఎత్తడం లేదు.